పారీ/జీపీ సమీక్ష: పై, ఆయిలర్ సంఖ్య అంకెల్లో ప్రధాన సంఖ్యలు వెతకడానికి ఎంతవరకు పనికొస్తుంది?

2004లో అమెరికాలో, సిలికాన్ వ్యాలీలోని 101 హైవే పక్కన ఒక హోర్డింగ్ పెట్టారు. కంపెనీ పేరు లేదు, బొమ్మ లేదు. ఆయిలర్ సంఖ్యలో (2.71828...) వరుసగా వచ్చే అంకెల్లో దొరికే మొట్టమొదటి పది అంకెల ప్రధాన సంఖ్య ఏదో, దాని పక్కన డాట్ కామ్. అంతే. ఇంజనీర్లను ఏరుకోవడానికి గూగుల్ పెట్టించిన పజిల్ అది. జవాబు 7427466391. దశాంశ బిందువు తర్వాత 99వ స్థానంలో మొదలవుతుంది.

ఇలాంటి లెక్కకు ఇవాళ ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలని ఎవరైనా అడిగితే మొదట చెప్పాల్సిన పేరు పారీ/జీపీ. ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో ఆన్రీ కొఎన్ బృందం 1985 ప్రాంతంలో మొదలుపెట్టిన సంఖ్యా సిద్ధాంత (నంబర్ థియరీ) సాఫ్ట్‌వేర్ ఇది. పూర్తిగా ఉచితం, జీపీఎల్ లైసెన్సు. పారీ అనేది సి లైబ్రరీ, జీపీ అనేది దానిమీద కూర్చున్న కమాండ్ లైన్ కాలిక్యులేటర్. ఈ సమీక్ష మొత్తం దాన్ని ఒకే పనికి తూచి చూడటం గురించి: కరణీయ సంఖ్యల (పై లాంటి, భిన్నంగా రాయలేని సంఖ్యల) అంకెల వరుసలో దాగిన ప్రధాన సంఖ్యలను పట్టుకోవడం. ఎలిప్టిక్ కర్వులు, నంబర్ ఫీల్డుల జోలికి పోవడం లేదు.

ఇన్‌స్టాల్ చేయడం కష్టమేం కాదు. ఉబుంటు, డెబియన్‌లలో పారీ-జీపీ అనే ప్యాకేజీ ఉంది. విండోస్‌కు రెడీమేడ్ ఫైలు దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోనుకు పారీడ్రాయిడ్ ఉంది. ఏదీ ఎక్కించుకోకుండా పారీ వెబ్‌సైట్‌లోనే బ్రౌజర్లో నడిపించుకునే వెసులుబాటూ ఉంది, పది అంకెల వేటకు అదే చాలు. సొంత కంప్యూటర్లో ఎక్కించుకుంటే మాత్రం తెరవగానే పైన వచ్చే నాలుగైదు వరుసలు చదవండి. అక్కడ జీఎంపీ (పెద్ద సంఖ్యల లెక్కలు వేగంగా చేసే లైబ్రరీ) కెర్నల్ అని ఉండాలి. లేకపోతే వేల అంకెల గుణకారాలు నెమ్మదిస్తాయి. థ్రెడింగ్ ఇంజిన్ ఎదురుగా పీథ్రెడ్ అని ఉంటే అన్ని కోర్లూ వాడుకోవచ్చు. సింగిల్ అని ఉంటే సమాంతరంగా నడిపే కమాండ్లు పనిచేసినట్టే ఉంటాయి కానీ వేగం పెరగదు.

ఇక మొదటి పని, హోర్డింగ్ లెక్క. కొత్తవాళ్లు పప్పులో కాలేసేది లెక్కలో కాదు, పేర్లలో. జీపీలో చిన్నక్షరం 'ఇ' (e) టైప్ చేసి ఎంటర్ కొడితే ఎర్రర్ రాదు. ఆ అక్షరాన్ని అది బహుపదిలోని చలరాశిగా తీసుకుని అలాగే తిరిగి చూపిస్తుంది. 'పై'ని అన్నీ చిన్నక్షరాల్లో కొట్టినా అదే కథ, మొదటి అక్షరం పెద్దది కావాలి. ఆయిలర్ అని కొడితే ఇంకా పెద్ద తిరకాసు: వచ్చేది 2.718 కాదు, 0.5772. అది గామా, ఆయిలర్ స్థిరాంకం. ఆయిలర్ సంఖ్య కావాలంటే ఎక్స్‌పీ (exp) ఫంక్షన్‌కు 1 ఇవ్వాలి. గామా అంకెల్లో వెతుకుదామనుకుంటే అభ్యంతరమేమీ లేదు, మొదటి మూడు అంకెలు 577 ప్రధాన సంఖ్యే. కాకపోతే గామా కరణీయమని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు, కాబట్టి దాన్ని ఈ జాబితాలో చేర్చేముందు ఇంకా తేలలేదని ఒక చుక్క గుర్తు వేసుకోవాలి.

పేరు సరిగా పడ్డాక ఖచ్చితత్వం. జీపీ మామూలుగా 38 అంకెల దాకా లెక్కిస్తుంది. 200 దశాంశ స్థానాలు కావాలంటే ముందు బ్యాక్‌స్లాష్ పి 230 అని కొట్టి ఖచ్చితత్వం పెంచాలి. తర్వాత ఎక్స్‌పీ(1)ని 10 ఘాతం 200తో గుణించి, ఫ్లోర్ ఫంక్షన్‌తో పూర్ణసంఖ్యగా మార్చాలి. పైన అదనంగా వేసుకున్న 30 అంకెలు వృథా కాదు. చివరి కొన్ని బిట్లు రౌండింగ్‌లో చెడతాయి, ఆ చెడేవి మనకు అక్కరలేని చోట పడాలి. ఇక్కడే ఈ సాఫ్ట్‌వేర్ మీద గౌరవం కలుగుతుంది. ఖచ్చితత్వం 38 దగ్గరే వదిలేసి 200 అంకెలు అడిగితే అది తోచిన అంకెలు నింపి ఇవ్వదు. ఖచ్చితత్వం చాలదని ఎర్రర్ వేసి ఆగిపోతుంది. పైథాన్‌లో మ్యాథ్ మాడ్యూల్ నుంచి తీసుకున్న 'పై'ని 10 ఘాతం 30తో గుణించి, ఇంట్ ఫంక్షన్‌కు ఇచ్చి చూడండి. చక్కగా ఒక పెద్ద పూర్ణసంఖ్య ఇస్తుంది, అందులో మొదటి 16 అంకెలే నిజం. ఆ ఫ్లోట్ అసలు విలువ 3.141592653589793115..., నిజమైన పై 3.141592653589793238... అక్కడినుంచి ఎన్ని ప్రధాన సంఖ్యలు దొరికినా అవి పైవి కావు.

ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. ముందే ఎక్స్‌పీ(1)ని ఒక పేరులో దాచుకుని, ఆ తర్వాత ఖచ్చితత్వం పెంచితే పాత విలువ పెరగదు. మళ్లీ లెక్కించాలి.

పూర్ణసంఖ్య చేతికొచ్చాక డిజిట్స్ ఫంక్షన్ దాన్ని అంకెల వరుసగా విడగొడుతుంది. 200 దశాంశాలకు 201 అంకెలు, ఎందుకంటే ముందున్న 2 కూడా ఉంటుంది. జీపీలో లెక్క సున్నా నుంచి కాదు, 1 నుంచి మొదలు. కాబట్టి 7427466391 మొదలయ్యే చోటు 100 అని చూపిస్తుంది, 99 కాదు. రెండూ సరైనవే: ఒకటి ముందున్న 2తో కలిపి లెక్క, రెండోది బిందువు తర్వాత లెక్క. ఫలితాలు పోల్చుకునేటప్పుడు సగం గొడవలు ఈ ఒక్క తేడా దగ్గరే వస్తాయి. డౌన్‌లోడ్ చేసిన పై అంకెల ఫైలు ఏ పద్ధతిలో ఉందో తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది: ఆరు 9లు వరుసగా వచ్చే చోటు బిందువు తర్వాత 762వ స్థానం. మీ ప్రోగ్రామ్ 763 చూపిస్తే ముందున్న 3 కూడా లెక్కలో పడిందన్నమాట.

తర్వాత ఒక్కో స్థానం నుంచి పది అంకెలు తీసుకుని ఫ్రమ్‌డిజిట్స్‌తో సంఖ్యగా చేసి, ప్రధానమా కాదా చెప్పే ఇజ్‌ప్రైమ్‌కు ఇవ్వడమే. మొదటి అంకె సున్నా అయితే వదిలేయాలి. ఆయిలర్ సంఖ్యలో బిందువు తర్వాత 21వ స్థానం నుంచి ఉన్న ముక్క 0287471352, అది పది అంకెల సంఖ్య కాదు. ఈ సున్నా పరీక్ష మరిచిపోతే తొమ్మిదంకెల ప్రధాన సంఖ్యలు పదంకెల జాబితాలోకి చొరబడతాయి. మామూలు ల్యాప్‌టాప్‌లో 200 అంకెల వేట ఎంటర్ కొట్టేలోపే అయిపోతుంది. లక్ష అంకెలకూ ఆట్టే సేపు పట్టదు. ఇంత చిన్న సంఖ్యలకు, రుజువు జోలికి పోకుండా 'బహుశా ప్రధానం' అని మాత్రమే తేల్చే ఇజ్‌సూడోప్రైమ్ వాడినా తేడా లేదు. అందులో వాడే, సంయుక్త సంఖ్యలను వేగంగా పట్టేసే బీపీఎస్‌డబ్ల్యూ పరీక్ష 2 ఘాతం 64 లోపు ఎక్కడా తప్పదని మొత్తం సరిచూశారు.

దొరికిన ఫలితాన్ని కొంచెం తూచి చూస్తే హోర్డింగ్ పెట్టినవాళ్ల తెలివి అర్థమవుతుంది. పది అంకెల ప్రధాన సంఖ్యలు సరిగ్గా 40,42,04,977. అంకెలు యాదృచ్ఛికంగా పడుతున్నాయనుకుంటే ఏ పదంకెల ముక్క అయినా ప్రధాన సంఖ్య కావడానికి అవకాశం 4.04 శాతం, అంటే సగటున పాతిక ముక్కలకు ఒకటి. ఆయిలర్ సంఖ్యలో మొదటి 99 ముక్కలూ వట్టిపోయి నూరోది తగిలింది. ముక్కలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుని లెక్కిస్తే అలా జరిగే అవకాశం రెండు శాతం కూడా లేదు. అదే పైలో అయితే నాలుగో దశాంశ స్థానంలోనే 5926535897 తగులుతుంది. హోర్డింగ్ మీద పై రాసి ఉంటే ఐదో ముక్కకే జవాబు దొరికేసేది.

అంకెల సంఖ్య పెరిగితే మెమొరీ దగ్గర మొదటి దెబ్బ తగులుతుంది. జీపీ మామూలుగా 80 లక్షల బైట్ల పని మెమొరీతో, దాని మాటల్లో స్టాక్‌తో మొదలవుతుంది. పది లక్షల అంకెల పూర్ణసంఖ్య దానంతటది 415 కిలోబైట్లే, హాయిగా ఇముడుతుంది. దాన్ని డిజిట్స్‌తో విడగొట్టగానే ఒక్కో అంకె ఒక్కో పూర్ణసంఖ్య అయిపోతుంది: 64 బిట్ల యంత్రంలో అంకెకు 24 బైట్లు, దాన్ని చూపే పాయింటర్‌కు 8. మొత్తం 3 కోట్ల 20 లక్షల బైట్లు. స్టాక్ పొంగిందని ఎర్రర్ వస్తుంది. పారీసైజ్‌మ్యాక్స్ అనే సెట్టింగును 1 జీబీకి పెంచుకుంటే సరిపోతుంది. దాన్ని సెట్టింగుల ఫైల్లోనే రాసిపెట్టుకుంటే ప్రతిసారీ కొట్టే పనుండదు. మెమొరీ మిగిల్చుకోవడానికని కొందరు అంకెలు విడగొట్టకుండా, అసలు సంఖ్యనే ప్రతి స్థానం దగ్గరా 10 ఘాతంతో భాగించి ముక్క తీస్తారు. పది లక్షల అంకెల సంఖ్యను పది లక్షలసార్లు భాగించడమన్నమాట, తెల్లారినా తెమలదు. పాత ముక్కను 10తో గుణించి, కొత్త అంకె కలిపి, 10 ఘాతం 10తో భాగిస్తే వచ్చే శేషమే తర్వాతి ముక్క. ఎప్పుడూ చిన్న సంఖ్యలతోనే పని.

ఇంకో చిన్న జాగ్రత్త: పెద్ద సంఖ్య పుట్టించే ప్రతి వరుస చివరా సెమీకోలన్ పెట్టండి. లేకపోతే లక్ష అంకెలూ తెర మీద కురుస్తాయి.

రెండో రకం వేట అసలైనది. మధ్యలోంచి ముక్కలు తీయకుండా, మొదటి అంకె నుంచి కోసుకుంటూ పోవడం. పైలో 3, 31, 314159 ప్రధాన సంఖ్యలు. తర్వాతది 38 అంకెలది: 31415926535897932384626433832795028841. దాని తర్వాత మళ్లీ దొరికేది 16,208 అంకెల దగ్గర! ఆపైన 47,577, 78,073, 6,13,373. చివరిది 2016లో బయటపడింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు అందరూ పైతోనే మొదలుపెడతారు, 38 దాటాక గంటలకొద్దీ ఏమీ రాక ప్రోగ్రామ్‌లో తప్పుందని దాన్ని పీకి పాకం పెడతారు. ఆయిలర్ సంఖ్యతో మొదలుపెట్టడం మేలు. అక్కడ 1, 3, 7, 85, 1781, 2780 అంకెల దగ్గర ప్రధాన సంఖ్యలున్నాయి: 2, 271, 2718281, తర్వాత 4571తో ముగిసే 85 అంకెల సంఖ్య. ప్రోగ్రామ్ సరిగా ఉందో లేదో నిమిషాల్లో తేలుతుంది. 2780 తర్వాతది 1,12,280 దగ్గర, కాబట్టి అక్కడ ఆపేయొచ్చు.

ఈ వేటలో ఇజ్‌ప్రైమ్‌ను నేరుగా వాడటమే అందరూ చేసే తప్పు. అది ముందు బీపీఎస్‌డబ్ల్యూ పరీక్ష చేస్తుంది, సంయుక్త సంఖ్య అయితే అక్కడే తోసేస్తుంది. పాసైతే నిజంగా ప్రధాన సంఖ్యేనని రుజువు చేయడానికి కూర్చుంటుంది. వేల అంకెల దగ్గర రుజువు చాలా బరువైన పని. ఫలితంగా ప్రోగ్రామ్ చకచకా పరుగెత్తి, సరిగ్గా ప్రధాన సంఖ్య దొరికిన చోటే బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. చాలామంది అక్కడ విసుగొచ్చి మూసేస్తారు, చేతికి చిక్కినదాన్ని వదిలేస్తారు. వేటకు ఇజ్‌సూడోప్రైమ్ వాడి, దొరికిన పొడవును వెంటనే ఫైల్లో రాయించి, రుజువు సంగతి తర్వాత చూసుకోవాలి. మధ్యలో ఎక్కడిదాకా వచ్చిందో చూడాలంటే కంట్రోల్-సి నొక్కితే ఆగి, చలరాశుల విలువలు అడగనిస్తుంది. ఖాళీ వరుసలో ఎంటర్ కొడితే ఆగిన చోటినుంచే సాగుతుంది. గంటలు నడిచే పనికి ఈ సౌకర్యం వెలకట్టలేనిది.

ప్రతి పొడవునూ పరీక్షకు పంపడం కూడా తెలివి కాదు. ముందు చిన్న భాజకాలతో జల్లెడ పట్టాలి. ఈ లెక్కకు జల్లెడ చాలా చవక: ఒక చిన్న ప్రధాన సంఖ్యకు శేషాన్ని గుర్తుంచుకుని, అంకె పెరిగినప్పుడల్లా శేషాన్ని 10తో గుణించి కొత్త అంకె కలిపి మళ్లీ శేషం తీస్తే చాలు. సున్నా వచ్చిన పొడవును కొట్టేయడమే. పెద్ద సంఖ్యను ముట్టుకునే పనే లేదు. ఎంతవరకు జల్లెడ పట్టాలన్నదే ప్రశ్న. 10,000 లోపు ప్రధాన సంఖ్యలు 1,229. పై 16,208 అంకెలకు వాటితో దాదాపు 2 కోట్ల అడుగులు, మిగిలేవి సుమారు 6 శాతం, అంటే వెయ్యికి కాస్త తక్కువ పొడవులు. 10 లక్షల దాకా వెళితే 78,498 ప్రధాన సంఖ్యలు, 127 కోట్ల అడుగులు, మిగిలేవి 4 శాతం, దాదాపు 660. జీపీ ఒక్కో అడుగునూ చదువుకుంటూ నడిపే భాష కాబట్టి 127 కోట్లు దానికి భారమే. జీపీ2సి అనే తోడు సాధనంతో స్క్రిప్టును సి భాషలోకి మార్చి కంపైల్ చేసుకుంటే భారం దిగుతుంది. ఆ ఓపిక లేనివాళ్లు లక్ష దగ్గర ఆగడం మధ్యేమార్గం. పెద్ద పొడవుల దగ్గర ఒక్కో పరీక్షే సెకన్లు తింటుంది కాబట్టి తగ్గిన ప్రతి వందా లాభమే.

16,208 దాకా ఒక్క కోర్ మీద గంటల లెక్క. ప్యార్‌ఫర్, ప్యార్‌అప్లై కమాండ్లతో కోర్లన్నిటికీ పంచొచ్చు. అక్కడ తగిలే ముల్లు ఒకటుంది: బయట పెట్టుకున్న చలరాశులు, సొంత ఫంక్షన్లు లోపలి థ్రెడ్లకు కనిపించవు. ఎక్స్‌పోర్ట్ చేయమని ఎర్రర్ వస్తుంది. అంకెలున్న పెద్ద సంఖ్యనూ, ఫంక్షన్‌నూ ఎక్స్‌పోర్ట్ కమాండ్‌తో పంపాకే పని మొదలవుతుంది. స్టాక్ కూడా థ్రెడ్‌కు విడిగా ఉంటుంది, థ్రెడ్‌సైజ్‌మ్యాక్స్ పెంచుకోవాలి.

రుజువుల విషయంలో పారీ చేతిలో చాలానే ఉంది. ఇజ్‌ప్రైమ్‌కు రెండో విలువగా 2 ఇస్తే రుజువు పద్ధతి ఏపీఆర్‌సీఎల్, 3 ఇస్తే ఎలిప్టిక్ కర్వుల పద్ధతి ఈసీపీపీ. ప్రైమ్‌సర్ట్ ఫంక్షన్ ధ్రువపత్రం తయారుచేస్తుంది, దాన్ని ప్రైమో సాఫ్ట్‌వేర్ చదివే రూపంలో ఎగుమతి చేయొచ్చు. 85 అంకెలది కళ్లు మూసి తెరిచేలోపు తేలుతుంది, వెయ్యి దాటితే ఓపిక పట్టాలి. పదివేలు దాటిన వాటిని రుజువు చేయాలంటే పారీ తగదు, దానికే ప్రత్యేకించిన ప్రోగ్రాములున్నాయి. 2022లో 49,081 ఒకట్ల సంఖ్యను ప్రధానమని రుజువు చేసింది అలాంటివాటితోనే. పై నుంచి వచ్చిన 6,13,373 అంకెల సంఖ్య ఇంకా 'బహుశా ప్రధానం' స్థాయిలోనే ఉంది.

పైథాన్ అలవాటున్నవాళ్లు ఎంపీమ్యాథ్, జీఎంపీవై2 అనే లైబ్రరీలు కలిపి ఇదంతా చేసుకోవచ్చు, వేగమూ తీసిపోదు. ఖచ్చితత్వం చాలకపోతే ఆపేవాళ్లు మాత్రం అక్కడ ఉండరు, ఆ కాపలా మనమే కాయాలి. పైగా పైథాన్ 3.11 నుంచి 4,300 అంకెలు దాటిన పూర్ణసంఖ్యను అక్షరాల వరుసగా మార్చబోతే ఎర్రర్ వస్తుంది. అది భద్రత కోసం పెట్టిన హద్దు, సిస్ మాడ్యూల్లో దాన్ని సున్నా చేస్తే తొలగుతుంది. సింపై అనే పైథాన్ లైబ్రరీ ఒక్కదానిమీదే ఆధారపడితే వేల అంకెల దగ్గర బాగా వెనకబడతారు.

లోపాలూ చెప్పాలి. సహాయం మొత్తం ఇంగ్లీషులోనే. ఒక ప్రశ్నార్థకంతో వచ్చే పొట్టి వివరణ సరే, రెండు ప్రశ్నార్థకాలతో పొడవాటి వివరణ కావాలంటే డాక్యుమెంటేషన్ ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. టైప్ చేసిన పేరు తప్పయినా చలరాశిగా మింగేసే స్వభావం బీజగణితానికి వరం, ఇలాంటి వేటకు శాపం. అన్నిటికీ మించి, దాదాపు ఇరవై వేల అంకెల తర్వాత ఇది సరైన పనిముట్టు కాదు. అక్కడినుంచి పీఎఫ్‌జీడబ్ల్యూ పట్టుకోవాలి. జీడబ్ల్యూనమ్ లైబ్రరీ మీద నడిచే ఆ ప్రోగ్రామ్ పెద్ద సంఖ్యల ఫెర్మా పరీక్షలో ('బహుశా ప్రధానమా' అని చూసేది) పారీని చాలా దూరం వెనక్కి నెడుతుంది. అప్పుడు కూడా జల్లెడ పారీలోనే పట్టి, మిగిలిన సంఖ్యలను వరుసకొకటిగా ఫైల్లో రాయించి ఇవ్వడం మేలు. లక్ష అంకెల సంఖ్యలు నాలుగు వేలుంటే ఫైలు 400 ఎంబీ అవుతుంది, కాబట్టి ఐదొందల చొప్పున విడగొట్టి పంపండి.